పదముగ్గురి లెక్క

పోయిన ఏడాది మే నెలలో మా ఇంట్లో ఒక నిర్ణయం చేయవలసి వచ్చింది. నా మనవరాలు రెండో పీయూసీలో, అంటే ఇంటర్‌లో, నూటికి అరవై నాలుగు మార్కులు తెచ్చుకొని, ఆసుపత్రి రికార్డుల చదువు చదువుతానంది. ఆమెకు తొమ్మిదేళ్ళున్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి, అంటే నా కూతురు, మా ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. ఉదయం ఆరున్నరకు వెళ్తే మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. అందువల్ల ఎక్కడ చదివించాలి, ఏ కోర్సులో చేర్చాలి అన్న విచారణ నా మీద పడింది. నాకప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. బస్సు మెట్టు ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. అయినా ఆ పనికి నేనే తగినవాడినని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆ పిల్లకు రికార్డుల మీద మనసు ఎలా పోయిందో చెప్పాలి. పీయూసీ రోజుల్లో తల్లికి అన్నం క్యారియరు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళేది. ఒకనాడు ఆవని అనే ఊరి దగ్గరి పల్లెనుంచి ఒక ముసలామె వచ్చింది. ఏడేళ్ళ కిందట తనకు అక్కడే ఆపరేషన్ అయిందని, ఏ ఆపరేషనో తనకు తెలియదని, కాగితాలన్నీ ఇల్లు కారి తడిసిపోయాయని చెప్పిందట. డాక్టరు ఏ మందూ రాయలేక ఆగిపోయాడు. రికార్డు గదిలో పనిచేసే ఒకామె లోపలికి వెళ్ళి, నాలుగు నిమిషాల్లో ఆ ఫైలు తెచ్చి బల్లమీద పెట్టింది. మా పిల్ల క్యారియరు పట్టుకొని నిలబడి అదంతా చూసింది. ఆ సాయంత్రం నాతో అంది:

"తాతా, సూది లేదు, రక్తం లేదు. ఉత్త కాగితంతో ఆయమ్మ ఆ అవ్వని కాపాడేసింది. నాకు ఆ పని కావాల."

"నాలుగు నిమిషాలని నీకెట్ల తెలుసు?"

"గోడమీది గడియారం చూసినాను."

ఆ జవాబు విన్నాక నేను వేరే ప్రశ్న వేయలేదు.

విచారించగా మాకు అందుబాటులో మూడు దారులు కనిపించాయి. బెంగళూరులో మూడేళ్ళ డిగ్రీ. కోలారులో రెండేళ్ళ డిప్లొమా, దాని తరువాత ఏదైనా ఆసుపత్రిలో ఆరు నెలల శిక్షణ. మా ఊళ్ళోనే, ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక ప్రైవేటు సంస్థవారి పన్నెండు నెలల సర్టిఫికేటు. మూడింటిలోనూ చెప్పేది పైకి ఒకటే: రోగుల కాగితాలను వరుసలో ఉంచడం, జబ్బుల పేర్లకు బదులుగా నిర్ణయించిన సంఖ్యలు వేయడం, వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం. ప్రతి జబ్బుకూ ఒక సంఖ్య ఉంటుందని విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, ఆ చదువుమీద నాకే ఆశ పుట్టింది.

డిగ్రీని లెక్కే కొట్టివేసింది. బెంగళూరులో ఉంచి చదివించడం మా వల్ల కాదు. మా ఊరి స్టేషను మారికుప్పంలో తెల్లవారకముందు రైలెక్కి చీకటిపడ్డాక దిగాలి. పోనూ రానూ రోజుకు ఐదు గంటలు, ఏడాదికి రెండు వందల దినాలు, మూడేళ్ళకు మూడు వేల గంటలు. అంటే నూట ఇరవై ఐదు రాత్రింబవళ్ళు రైలుపెట్టెలోనే గడపాలి.

"రైల్లో చదువుకుంటాను తాతా."

"సీటు దొరికితే చదువుకుంటావు. నిలబడి ఏం చదువుతావు, ముందరోళ్ళ వీపా?"

నవ్వి ఊరుకుంది. ఇక మిగిలినవి రెండు.

మా ఊరి బంగారు గని మూతపడేదాకా ఇరవై ఆరేళ్ళు నేను అక్కడి టైమాఫీసులో గుమాస్తాను. లోపలికి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దిగేటప్పుడు బిళ్ళ మాకిచ్చి దిగాలి, పైకి వచ్చాక అడిగి తీసుకొని వెళ్ళాలి. షిఫ్టు ముగిశాక కొక్కెం మీద ఒక్క బిళ్ళ మిగిలినా గుమాస్తా ఇంటికి పోరాదు. దిగినవారెందరు, ఎక్కినవారెందరు? ఈ రెండు అంకెలూ సరిపోయిన తరువాతే మాకు అన్నం, నిద్ర. ఆ పనిలో మనిషి మాటకు విలువ లేదు. 'వాడు వచ్చేసినాడు, నేను చూసినా' అని పదిమంది చెప్పినా, బిళ్ళ తీసుకొనేదాకా వాడు లోపలే ఉన్నట్టు. అలా ఇరవై ఆరేళ్ళు బతికిన మనిషికి ఇంకో విధంగా ఆలోచించడం రాదు. కాలేజీలను కూడా నేను అదే అడగాలని నిశ్చయించుకున్నాను. ఎందరు చేరారు? ఎందరు చదువు ముగించి సర్టిఫికేటు తీసుకొని బయటికి వచ్చారు? బోర్డుల మీది మాటలూ, ఫోనులో వచ్చే బొమ్మలూ నాకక్కరలేదు.

నా కూతురు వంటగదిలోనుంచి తన కూతురితో అంది: "చూడు, నీకు కాలేజీ వెదుకుతాండాడా, గనిలోకి దించే బోన్లో దింపతాండాడా మీ తాత? నా పెండ్లి చూపులప్పుడు కూడా ఇంతే. మొగపిల్లోడి అమ్మని పట్టుకుని, 'మీకు పుట్టినోళ్ళు ఎంతమంది, ఉండేది ఎంతమంది' అని అడిగినాడు. ఆయమ్మ కాఫీ లోటా అట్లే కింద పెట్టేసింది."

"జవాబు చెప్పింది కదా," అన్నాను.

"చెప్పింది. దినమూ నాకు చెప్పింది, పదేండ్లు."

మా ఊరి సంస్థకు మొదట వెళ్ళాను. చల్లని గది, గాజు బల్ల, ముప్పై అయిదేళ్ళుండే ఒక మేనేజరు. నా ప్రశ్న విని అతను ఏమాత్రం కలతపడలేదు. ఇలాంటి తాత ఒకడు వస్తాడని ఎదురుచూసినట్టు, అలమరలోనుంచి అట్టవేసిన రిజిస్టరు తీసి నా ముందు పరిచాడు.

"చూడండి సార్. పోయిన బ్యాచిలో చేరింది నలభై మంది. సర్టిఫికేట్ తీసుకునింది నలభై మంది. ఒక్కరు కూడా మిస్ కాలేదు."

"అందరూ పాసైనారా?"

"మా దగ్గర ఫెయిలనే మాటే లేదు సార్."

రిజిస్టరు తిప్పి చూశాను. పేరు, చేరిన తేదీ, సర్టిఫికేటు తీసుకొన్న తేదీ, సంతకం. నాలుగు గళ్ళలో ఎక్కడా ఖాళీ లేదు, కొట్టివేత లేదు. తీసుకొన్న తేదీ నలభై మందికీ ఒకటే. సంతకాలన్నీ ఒకే రంగు సిరాతో ఉన్నాయి. అది చూసి నేను పద్ధతి అనుకున్నాను. ఎంత శుభ్రంగా ఉంచారని మెచ్చుకున్నాను కూడా.

కోలారుకు రెండు రోజుల తరువాత వెళ్ళాను. అది టమాటా దిగుబడి ఎక్కువగా ఉండే కాలం. మార్కెట్టు దగ్గర లారీలు అడ్డంపడి బస్సు యాభై నిమిషాలు కదలలేదు. కాలేజీ ఆఫీసుకు చేరేసరికి పన్నెండున్నర. కౌంటరు వెనక ఒకామె, చుట్టూ ఫారాల కట్టలు, ముందు పదిహేనుమంది పిల్లలు. నా వంతు వచ్చేసరికి ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది.

"ఏం కావాల సార్? ఫారమయితే ఆ పక్క."

"ఫారం కాదమ్మా. ఈ రికార్డుల డిప్లొమాలో కడాగా బయటికి వచ్చిన బ్యాచి ఉంది చూడు, దాంట్లో చేరినోళ్ళు ఎంతమంది, సర్టిఫికేట్ తీసుకున్నోళ్ళు ఎంతమంది, ఆ లెక్క కావాల."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అది మీకేమిట్కి? మీరు ఆడిటా?"

"కాదు. తాతను."

వెనకాల పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వు ఆపుకొని, డబ్బాకు మూత పెట్టి రిజిస్టరు తీసింది. మూలలు నలిగిపోయి, కాఫీ మరకలతో, మూడు నాలుగు చేతివ్రాతలతో ఉన్న పుస్తకమది. చేరినవారు ముప్పై మంది. సర్టిఫికేటు ముట్టినట్టు సంతకాలు పదిహేడు. రెండుసార్లు లెక్కపెట్టాను.

"మిగతా పదముగ్గురి సంతకం లేదు కదమ్మా."

"లేదు సార్. వాళ్ళు ఇక్కడికి రాలేదు."

ఆమె చెప్పిన జవాబు అక్షరాలా అదే. నేను జేబులోని నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను: ముప్పై, పదిహేడు, పదమూడు. ఆమె డబ్బా మళ్ళీ తెరిచింది. నాకు కాళ్ళు లాగుతున్నాయి. రెండుంబావు బస్సు పోతే మళ్ళీ మూడూ నలభైదాకా లేదు. నమస్కారం చేసి వచ్చేశాను.

ఇంట్లో కాగితం మీద రెండు గళ్ళు గీసి చూపించాను. ఒకవైపు నలభైకి నలభై, ఒకవైపు ముప్పైకి పదిహేడు. మనవరాలు కాగితం తన వైపు తిప్పుకొని చూసింది.

"తాతా, కోలారులో వారానికి మూడు దినాలు ఆసుపత్రి రికార్డు గదిలోనే కూర్చోబెడతారంట. నిజమైన కేసు షీట్లు చేతికిస్తారంట."

"అంట అనేది నాకొద్దమ్మా. చెప్పింది ఎవరు, ఎప్పుడు?"

"అమ్మ ఆసుపత్రిలో అనుకుంటాంటే విన్నాను."

"పదముగ్గురు యాడ పోయినారో వాళ్ళు అనుకున్నారా?"

ముప్పై మంది దిగిన చోట పదముగ్గురు పైకి రాలేదంటే, ఆ చోటికి నా మనవరాలిని దింపను. నా ఆలోచన అంతే. మరో మాటకు తావు లేనంత సరళంగా ఉండింది. నా కూతురు ఒకసారి మాత్రం, "పాపకి ఇష్టమైంది కోలారే కదా నాయనా," అంది. ఇష్టానికి అంకె లేదు కనుక నేను దాన్ని గడిలో వేయలేదు. మనవరాలు "సరే తాతా" అంది. జూన్ మూడోవారంలో మా ఊరి సంస్థలో చేరింది. ఆ నెలాఖరుతో కోలారు డిప్లొమాకు గడువు ముగిసింది.

ఆ తరువాతి నెలలను తలచుకోవడం నాకు సులభం కాదు. పిల్ల ఉదయం పదింటికి వెళ్ళి ఒంటిగంటకు ఇంటికి వచ్చేది. అలసిపోయి వచ్చిన దినం ఒక్కటీ లేదు. మొదట సంతోషించాను. నవరాత్రుల సెలవుల్లో ఆమె నోటు పుస్తకం తీసి చూశాను. ప్రతి పాఠం పైన తేదీ వేయడం ఆమెకు నేను చిన్నప్పుడే నేర్పిన అలవాటు. జూలైలో పదకొండు తేదీలున్నాయి. ఆగస్టులో ఆరు. సెప్టెంబరులో రెండు. మిగిలిన దినాల్లో ఏం చేశారని అడిగాను.

"టీచరు మానేసినారు తాతా. కొత్తామె వస్తాదని చెప్పినారు."

"మరి మూడు గంటలు ఏం చేస్తాండారు?"

"సుమ్నె, ఊరికే కూర్చుంటాము. వీడియో పెడతారు."

"పరీక్ష?"

"ప్రశ్నలు ముందే ఇచ్చేసినారు. జవాబులు కూడా."

ఆమె ఈ మాటలు చెప్పిన తీరు చూస్తే కొత్తగా తెలిసిన సంగతిలా లేదు. మరుసటి దినం నా కూతురితో కలిసి ఆరున్నరకే బయలుదేరి, ఆమె పనిచేసే ఆసుపత్రికి వెళ్ళాను. రికార్డు గది తెరిచేదాకా రెండు గంటలు బయటి బల్లమీద కూర్చున్నాను.

రికార్డు గదిలో పనిచేసే ఆమెకు నలభైలోపు వయసు ఉంటుంది. ముసలామె ఫైలు నాలుగు నిమిషాల్లో తీసింది ఈమే. గది చిన్నది. అలమరల మీద సున్నా సున్నానుంచి తొంభై తొమ్మిదిదాకా చీటీలు అంటించి ఉన్నాయి. ఫైలు నంబరులో చివరి రెండంకెలను బట్టి అలమర, ఆ ముందరి అంకెలను బట్టి వరుస అని ఆమె వివరించింది. అలా అయితే కొత్త ఫైళ్ళన్నీ ఒకే మూల పోగుపడకుండా గదంతా సమంగా నిండుతాయట. ఇరవై ఆరేళ్ళు అంకెల మధ్య బతికిన నాకు ఆ ఉపాయం ఎన్నడూ తోచలేదు.

మనవరాలు చదివే సంస్థ పేరు చెప్పి, ఆ సర్టిఫికేటుకు మీరు ఉద్యోగం ఇస్తారా అని అడిగాను. ఆమె చేతిలోని ఫైలు కింద పెట్టి, నా ముఖంలోకి చూసి నెమ్మదిగా చెప్పింది.

"ఇచ్చేది లేదప్పా. మేమే కాదు, ఎవ్వరూ ఇచ్చేది లేదు. దానికి గుర్తింపు లేదు. ఆడికి పోయినోళ్ళందరికీ సర్టిఫికేట్ వస్తాది. ఫీజు కట్టినోడికి సినిమా టికెట్టు ఇచ్చినట్ల."

"నలభైకి నలభై మంది..."

"అదే కదా చెప్తాండేది. మీరు అడిగితే యాబై మందిని చూపిస్తారు."

అప్పుడు కోలారు సంగతి చెప్పాను. నా పుస్తకం తెరిచి, ముప్పైమందిలో పదిహేడు సంతకాలే ఉన్నాయని, పదముగ్గురు రాలేదని చూపించాను. ఆమె ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తరువాత నవ్వేసింది. వెంటనే ఆపుకొంది కూడా.

"అయ్యో, తాతా! నేను చదివింది ఆడే. నా సంతకం కూడా ఆ కాలేజీ రిజిస్టర్లో ఉండదు."

"ఏమిట్కి?"

"రెండేండ్లు చదివినాక ఆర్నెల్లు ట్రైనింగు ఉండాది కదా. కోలారులోనే చేసినోళ్ళు ఆఫీసుకొచ్చి సర్టిఫికేట్ తీసుకుంటారు, సంతకం పెడతారు. బాగా చదివేటోళ్ళని బెంగళూరు ఆసుపత్రులు పిలుచుకుంటాయి. వాళ్ళ సర్టిఫికేట్లు ఆ ఆసుపత్రికే పోతాయి. చానామందికి ఆడే పని కూడా దొరకతాది. ఇంగ కోలారుకి వచ్చి సంతకం ఏమిట్కి పెడతారు? నేను బెంగళూర్లో ఆరేండ్లు చేసి, పెండ్లయినాక ఈ ఊరికొచ్చినాను."

నేను పుస్తకం మూశాను.

ఇక్కడ గనిలోని ఒక సంగతి చెప్పక తప్పదు. ఒక షాఫ్టులో, అంటే లోపలికి దిగే నిలువు బావిలో, దిగినవాడు ఒక్కొక్కప్పుడు పనిమీద లోపలి దారుల్లో నడిచి వెళ్ళి పక్క షాఫ్టునుంచి పైకి వచ్చేవాడు. వాడి బిళ్ళ మా కొక్కెం మీదే మిగిలిపోయేది. అలాంటప్పుడు గుమాస్తా మొదట చేయవలసిన పని పక్క షాఫ్టు టైమాఫీసుకు ఫోను చేసి, ఫలానా నంబరువాడు మీవైపు ఎక్కాడా అని అడగడం. అడగకుండా వాడు లోపల చిక్కుకున్నాడని రాస్తే, అది ఉద్యోగం పోయేంత తప్పు. కొత్తగా చేరిన గుమాస్తాలకు మొదటి దినమే నేను నేర్పింది అదే. ఇరవై ఆరేళ్ళలో నేనొక్కసారీ ఆ ఫోను చేయడం మరచిపోలేదు. మనవరాలి విషయంలో పదముగ్గురి కోసం ఒక్క ప్రశ్న అదనంగా వేయలేదు. కౌంటరులో ఆమె అబద్ధం చెప్పలేదు. వాళ్ళు ఇక్కడికి రాలేదంది. ఎక్కడికి వెళ్ళారని నేనడగలేదు. కాళ్ళు లాగుతున్నాయి, బస్సుకు వేళయింది. కారణాలుగా రాసుకోదగినవి ఈ రెండే.

నలభైకి నలభై సంగతి ఇంకా హీనం. ఏ షిఫ్టులోనూ నలభైమంది ఒకే నిమిషంలో బిళ్ళలు తీసుకొని పోవడం నేను చూడలేదు. ఒకడు బూటు ఊడదీసుకుంటూ ఆలస్యం చేస్తాడు, ఒకడు దగ్గుతూ కూర్చుంటాడు, ఒకడు మరచిపోయి గేటుదాకా వెళ్ళి మళ్ళీ వస్తాడు. నిజమైన రిజిస్టరులో ఎక్కడో ఒకచోట గీత వంకరపోతుంది. అంత శుభ్రమైన పుస్తకాన్ని చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. మెచ్చుకొని వచ్చాను.

మనవరాలికి చెప్పడానికి రెండు దినాలు పట్టింది. పెరటి గుమ్మంలో కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తూ ఉండింది. నేను చెప్పినదంతా తలెత్తకుండా వింది.

"నాకు ఆగస్టులోనే తెలిసె తాతా."

"తెలిసీ చెప్పలేదేమమ్మా?"

"చెప్పితే ఏమయితాది? కోలారులో గడువు అయిపోయె. నువ్వు మళ్ళీ అన్నం తినవు. అమ్మ నిన్ను అంటాది. ఇంట్లో ముగ్గురం ఉండాము, ఒకరన్నా నిమ్మళంగా ఉండనీ అనుకున్నాను."

"ఒక ఏడాది పోయింది."

"పోయింది," అంది. ఓదార్పుగా మరో మాట కలపలేదు. అందుకు నేను ఆమెను గౌరవిస్తాను.

మనవరాలు సంస్థ మానేసింది. ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసే ఆమె పెద్ద మనసుతో, జూన్ దాకా మధ్యాహ్నాలు వచ్చి తన పక్కన కూర్చొని చూడమంది. ఆసుపత్రివారిని అడిగి అనుమతి కూడా ఇప్పించింది. జీతం లేదు, సర్టిఫికేటు లేదు. కేసు షీటులో ఏ సంతకం ఎక్కడ ఉండాలో, ఏది లేకపోతే ఫైలు డాక్టరుకు తిప్పి పంపాలో నేర్చుకుంది. ఎనిమిది నెలలూ అలసిపోయి ఇంటికి వచ్చేది. నేను ఎదురుగా కూర్చొనేవాడిని. ఏమి నేర్చుకున్నావని అడిగే హక్కు నాకుందా అన్న సందేహంతో ఎక్కువ దినాలు ఊరకే ఉండేవాడిని.

ఈ ఏడాది జూన్‌లో కోలారుకు ఇద్దరం వెళ్ళాము. దరఖాస్తు గడువులో ముందరి వారమే వెళ్ళవలసింది. నా జ్వరం వల్ల ఆలస్యమై, గడువు ఆఖరు దినాన వెళ్ళాము. అది శనివారం. ఆఫీసు ఒంటిగంటదాకా. కౌంటరులో అదే ఆమె. మనవరాలి ఫారం తిప్పి చూసి, ఒక గడి దగ్గర వేలు పెట్టింది.

"పీయూసీ అయినాక ఒక సంవత్సరం గ్యాప్ ఉండాది. కారణం రాసి, గార్డియన్ సంతకం పెట్టిన డిక్లరేషన్ కావాల. ఫార్మేటు గోడకి అంటించినాము చూడండి."

గోడమీది నమూనా చూశాను. 'అనివార్య కారణాల వల్ల విద్యార్థి ఒక సంవత్సరం చదువు కొనసాగించలేకపోయినది' అని కన్నడలో ఉంది. అనివార్యం అంటే తప్పించరానిది. నా విషయంలో తప్పించరానిది ఏదీ లేదు. ఒక ప్రశ్న అడిగి ఉంటే తప్పిపోయేది. బల్లమీద కూర్చొని, తెల్లకాగితం తీసుకొని, నాకు వచ్చిన కన్నడలో వివరంగా రాశాను: సంరక్షకుడనైన నేను విచారణ పూర్తి చేయకుండా విద్యార్థిని గుర్తింపులేని సంస్థలో చేర్చినందువల్ల ఆమెకు ఒక విద్యా సంవత్సరం నష్టమైనది, ఇందులో ఆమె లోపమేమీ లేదు. కింద తేదీ వేసి సంతకం పెట్టాను. అప్పటికి పన్నెండూ ఇరవై.

కౌంటరులో ఆమె కాగితం చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి నవ్వలేదు.

"ఇట్ల ఎవరూ రాయరప్పా. ఇది పైకి పోతే, ఏ సంస్థ, ఏమి, ఆడ టీసీ ఏమాయె అని ఫైలు తిప్పి పంపతారు. మళ్ళీ ఈ పాప సీటుకి ఇంగో సంవత్సరం. గోడమీద ఉండేది చూసి రాసేయండి."

"అది నిజం కాదమ్మా."

"అబద్ధమూ కాదు సార్. అందరూ అదే రాస్తారు."

మనవరాలు నా పక్కన నిలబడి ఉంది. ఆమె చేతిలో కొత్త కాగితం ఒకటి ఉంది, ఎప్పుడు తీసిపెట్టుకుందో తెలియదు. వరుసలో మా వెనక ఇంకా ఏడుగురున్నారు. గోడ గడియారంలో పన్నెండూ ముప్పై నాలుగు.

కాగితం తీసుకొని గోడ దగ్గరికి వెళ్ళాను. ఒక్కొక్క మాట చూసి, చూసినది చూసినట్టు ఎక్కించాను. అనివార్య కారణాల వల్ల. జీవితంలో నేను సంతకం పెట్టిన కాగితాలు వేలల్లో ఉంటాయి. తెలిసి తెలిసి డొల్ల మాటకింద పెట్టిన సంతకం ఇదొక్కటే. గీత ఎక్కడా వంకరపోలేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆమె స్టాంపు కొట్టి, దరఖాస్తు నంబరు చీటీ చింపి మనవరాలికిచ్చింది. నేను మొదట రాసిన కాగితం కౌంటరు మీదే ఉండిపోయింది. ఆమె దాన్ని చింపలేదు. నాలుగు మడతలు పెట్టి నాకు తిరిగి ఇచ్చింది.

బయట ఎండ చుర్రుమంటోంది. మెట్ల మీద ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాను. మనవరాలు నా మోచేయి పట్టుకుంది.

"రెండుంబావు బస్సు ఉండాది," అన్నాను.

"ఆ బస్సు తీసేసినారంట తాతా. ముందు అన్నం తిందాము. ఆ తరవాత ఏదొకటి వస్తాది."

ఎవరన్నారు, ఎప్పుడన్నారు అని అడగబోయాను. ఆకలిగా ఉంది. ఆమె చూపించిన హోటలు వైపు నడిచాము.